పాఠం - 7: గురి సాధనలో లేజర్ రక్షణ కళ్లజోళ్లు - పనిచేసే విధానం, ఎంపిక

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 గురి సాధనలో లేజర్లు
7.3 కంటికి హాని ఎలా జరుగుతుంది?
7.4 లేజర్ల వర్గీకరణ
7.5 రక్షణ కళ్లజోడు పనిచేసే విధానం
7.6 దృక్ సాంద్రత - లెక్కించే పద్ధతి
7.7 దూరం, దుర్భిణి
7.8 కళ్లజోడు ఎంపిక, వాడకం
7.9 సారాంశం
7.10 ముఖ్య పదాలు
7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు
7.12 ‘మీ అవగాహనను పరీక్షించుకోండి’ - జవాబులు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• లేజర్ కాంతి కంటికి ఎందుకు ప్రత్యేకంగా ప్రమాదకరమో వివరించగలుగుతారు.
• రక్షణ కళ్లజోడు ఏ భౌతిక సూత్రాల మీద పనిచేస్తుందో చెప్పగలుగుతారు.
• ఒక లేజర్‌కు కావలసిన దృక్ సాంద్రతను స్వయంగా లెక్కించగలుగుతారు.
• మామూలు చలువ కళ్లజోడుకూ, షూటింగ్ కళ్లజోడుకూ, లేజర్ కళ్లజోడుకూ గల తేడాలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

గత పాఠంలో లేజర్ కాంతికి ఉన్న మూడు లక్షణాలు చదివారు: ఏకవర్ణీయత, సంబద్ధత, దిశాత్మకత. 1960 మే 16న థియోడర్ మైమన్ రూబీ స్ఫటికం నుంచి 694 నానోమీటర్ల ఎర్రని లేజర్ కాంతిని తొలిసారి రాబట్టాడు. ఆనాడు ప్రయోగశాలకే పరిమితమైన ఈ సాధనం ఈనాడు మన పొలాల్లోకి కూడా వచ్చింది. వరి మడిని చదును చేసే లేజర్ లెవలర్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు.

గురి సాధన కూడా లేజర్లు ప్రవేశించిన రంగమే. మీలో కొందరు ఎన్.సి.సి. క్యాడెట్లు కావచ్చు, పోలీసు నియామకాలకు సిద్ధమవుతున్నవారు కావచ్చు, షూటింగ్ క్రీడ మీద ఆసక్తి ఉన్నవారు కావచ్చు. ఫైరింగ్ రేంజిలో అడుగుపెట్టిన నాడు మీ చేతికి ఒక కళ్లజోడు ఇస్తారు. ‘కళ్లజోడు పెట్టుకున్నాను, ఇక భయం లేదు’ అనుకోవడం సహజం. కాని ఆ కళ్లజోడు దేని నుంచి కాపాడటానికి తయారైందో తెలియకపోతే అది ధైర్యాన్ని ఇస్తుందే తప్ప రక్షణను ఇవ్వదు. లేజర్ వల్ల రెటీనాకు కలిగే గాయం చాలా సందర్భాల్లో నయం కాదు. కాబట్టి ఈ పాఠంలోని లెక్కలను పరీక్ష కోసం మాత్రమే కాక, మీ చూపు కోసం కూడా నేర్చుకోండి.

7.2 గురి సాధనలో లేజర్లు

గురి సాధనలో ఎదురయ్యే లేజర్లను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) క్రీడా లేజర్లు: ఆధునిక పెంటాథ్లాన్‌లో ఒకప్పుడు ఎయిర్ పిస్టల్‌తో 10 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని కాల్చేవారు. 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి దాని స్థానంలో లేజర్ పిస్టల్ వచ్చింది. కంటికి హాని చేయనంత తక్కువ శక్తితో పనిచేసేలా దీన్ని రూపొందిస్తారు.

(ఆ) శిక్షణ లేజర్లు: గుండ్లు ఖర్చు కాకుండా పోలీసులకు, సైనికులకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్లలో వీటిని వాడతారు. హైదరాబాద్‌లోని జెన్ టెక్నాలజీస్ ఇటువంటి సిమ్యులేటర్లను తయారుచేస్తుంది. అమెరికా సైన్యం వాడిన ‘మైల్స్’ అనే శిక్షణ వ్యవస్థలో తుపాకికి అమర్చిన లేజర్ సుమారు 904 నానోమీటర్ల పరారుణ కాంతిని వెలువరిస్తుంది. అది కంటికి కనిపించదు.

(ఇ) గురి చూపే లేజర్లు, దూరమాపకాలు: ఆయుధానికి బిగించే ఎర్ర లేదా పచ్చ చుక్క లేజర్లు, లక్ష్యం ఎంత దూరంలో ఉందో కొలిచే పరికరాలు, లక్ష్యాన్ని గుర్తించి చూపే సైనిక లేజర్లు ఈ కోవకు చెందుతాయి. ఈ సైనిక లేజర్లలో చాలా వరకు 1064 నానోమీటర్ల వద్ద పనిచేస్తాయి.

(ఈ) లేజర్ ఆయుధాలు: 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి జాతీయ బహిరంగ పరీక్షా క్షేత్రంలో డి.ఆర్.డి.ఓ. మార్క్-2(ఎ) అనే లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది. దీన్ని హైదరాబాద్‌లోని ‘చెస్’ ప్రయోగశాల ఇతర సంస్థల సహకారంతో రూపొందించింది. 30 కిలోవాట్ల తరగతికి చెందిన ఈ లేజర్ ఎగురుతున్న డ్రోన్‌ను దెబ్బతీసింది.

మొదటి రకానికి కళ్లజోడు అవసరమే లేదు. నాలుగో రకానికి కళ్లజోడు ఒక్కటే చాలదు. మధ్యనున్న రెండు రకాలే ఈ పాఠానికి ముఖ్యమైనవి.

7.3 కంటికి హాని ఎలా జరుగుతుంది?

కన్ను ఒక కటక వ్యవస్థ. కార్నియా, కటకం కలిసి లోపలికి వచ్చిన కాంతిని రెటీనా మీద కేంద్రీకరిస్తాయి. చీకటిలో కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది. సమాంతరంగా వచ్చే లేజర్ పుంజాన్ని కన్ను రెటీనా మీద సుమారు 20 మైక్రోమీటర్ల వ్యాసం గల చుక్కగా మార్చగలదు. 7 మి.మీ. అంటే 7000 మైక్రోమీటర్లు. కాబట్టి

కేంద్రీకరణ = (7000 ÷ 20)² = 350² = 1,22,500

అంటే కార్నియా మీద పడిన తీవ్రత రెటీనాను చేరేసరికి లక్ష రెట్లకు పైగా పెరుగుతుంది.

దీన్ని మనకు తెలిసిన ఎండతో పోల్చి చూద్దాం. మిర్చి కల్లంలో మిట్టమధ్యాహ్నం నేల మీద పడే ఎండ తీవ్రత చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 వాట్. కేవలం 1 మిల్లీవాట్ లేజర్ కంట్లో పడితే ఆ చిన్న చుక్క వద్ద తీవ్రత చదరపు సెంటీమీటరుకు 300 వాట్లు దాటుతుంది. కాయలను ఎండబెట్టే ఎండకు అది మూడు వేల రెట్లు. లేజర్ శక్తి తక్కువే అయినా కన్ను దాన్ని ఒక బిందువు వద్ద కుప్పపోస్తుంది. ప్రమాదానికి మూలం అక్కడే ఉంది.

హాని కంటిలో ఏ భాగానికి కలుగుతుందనేది తరంగదైర్ఘ్యం మీద ఆధారపడుతుంది.

• 400 నుంచి 1400 నానోమీటర్ల వరకు: కాంతి రెటీనాను చేరుతుంది. ఇందులో 700 వరకు కనిపించే కాంతి, ఆ పైన కనిపించని సమీప పరారుణ కాంతి.
• 400 కంటే తక్కువ: అతినీలలోహిత కాంతి. చాలా వరకు కార్నియాలోను, కటకంలోను ఆగిపోయి వాటికే హాని చేస్తుంది.
• 1400 కంటే ఎక్కువ: కంటి ముందు భాగంలోని నీరు దీన్ని శోషిస్తుంది. అందుకే కొత్త దూరమాపకాల్లో 1540 నానోమీటర్ల పరిసరాల్లోని లేజర్లను ఎంచుకుంటున్నారు. క్షణకాలపు స్పందాలకు ఇక్కడి అనుమతి పరిమితి 1064 నానోమీటర్ల పరిమితి కంటే కొన్ని లక్షల రెట్లు ఎక్కువ.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, కనిపించే కాంతి తీవ్రంగా పడితే మనం పావు సెకను లోపల రెప్ప వాలుస్తాం. కనిపించని పరారుణ కాంతికి ఈ సహజ రక్షణ పనిచేయదు. రెండు, రెటీనాకు నొప్పి తెలియదు. చూపు మధ్యలో ఒక మచ్చ ఏర్పడే వరకు గాయపడిన సంగతే తెలియకపోవచ్చు. సూటిగా చూసేటప్పుడు మనం వాడేది రెటీనా మధ్యనున్న అతి చిన్న భాగాన్ని. గురి చూసే మనిషి లేజర్ వైపు చూస్తే దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. ఆ మచ్చ అక్షరాల మీద, ఎదుటివారి ముఖం మీద, లక్ష్యం మీద అడ్డుగా నిలుస్తుంది.

7.4 లేజర్ల వర్గీకరణ

అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 60825 లేజర్లను ప్రమాద స్థాయిని బట్టి వర్గాలుగా విభజించింది. నిరంతరంగా వెలువడే దృశ్య కాంతికి స్థూలంగా ఈ హద్దులు వర్తిస్తాయి.

వర్గం 1: మామూలు వాడకంలో హాని లేనిది.
వర్గం 2: 1 మిల్లీవాట్ వరకు, రెప్పపాటే రక్షణ.
వర్గం 3ఆర్: 5 మిల్లీవాట్ల వరకు, నేరుగా చూడరాదు.
వర్గం 3బి: 500 మిల్లీవాట్ల వరకు, నేరుగా గాని, అద్దంలాంటి ఉపరితలం నుంచి పరావర్తనం చెంది గాని కంట్లో పడితే హాని.
వర్గం 4: 500 మిల్లీవాట్లకు పైన, గరుకు గోడ మీద పడి చెదిరిన కాంతి కూడా హాని చేయవచ్చు.

వర్గం 4 మొదలయ్యే 0.5 వాట్‌తో పోలిస్తే కర్నూలులో పరీక్షించిన 30 కిలోవాట్ల లేజర్ 60,000 రెట్లు శక్తివంతమైనది. అంతటి శక్తి నేరుగా తగిలితే కళ్లజోడే కరిగిపోతుంది. కాబట్టి అటువంటి చోట మనుషులను దూరంగా ఉంచడం, పుంజం వెళ్లే దారిని మూసి ఉంచడమే అసలైన రక్షణ. శత్రువు కళ్లు పోగొట్టడానికే తయారుచేసే లేజర్ ఆయుధాలను 1995లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించింది. భారతదేశం కూడా అందులో భాగస్వామి. లేజర్ కంటికి చేసే హాని ఎంత తీవ్రమైనదో ఆ నిషేధమే చెబుతుంది.

7.5 రక్షణ కళ్లజోడు పనిచేసే విధానం

మామూలు చలువ కళ్లజోడు అన్ని రంగులనూ కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. లేజర్ కళ్లజోడు పని అది కాదు. అది ఎంచుకున్న తరంగదైర్ఘ్యాన్ని మాత్రం వేల, లక్షల రెట్లు తగ్గించి, మిగతా కాంతిని వీలైనంతగా లోపలికి రానిస్తుంది. ఈ పని రెండు విధాలుగా జరుగుతుంది.

(అ) శోషణ: పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లో గాని, గాజులో గాని ప్రత్యేక రంజకాలను, అయాన్లను కలుపుతారు. ఆ అణువులు లేజర్ కాంతిని శోషించి వేడిగా మారుస్తాయి. కాంతి ఏ కోణంలో వచ్చినా ఈ రక్షణ దాదాపు ఒకేలా ఉంటుంది. శక్తి మితిమీరితే మాత్రం ప్లాస్టిక్ కరుగుతుంది, గాజు పగులుతుంది.

(ఆ) పరావర్తనం: గాజు మీద వేర్వేరు వక్రీభవన గుణకాలు గల పలుచని పొరలను ఒకదానిపై ఒకటి పూస్తారు. ఆ పొరల నుంచి వెనుదిరిగే తరంగాలు వ్యతికరణం చెంది, ఎంచుకున్న తరంగదైర్ఘ్యాన్ని వెనక్కి పంపేస్తాయి. సబ్బు బుడగ మీద రంగులు కనిపించడానికి కారణమైన సూత్రమే ఇది. కాంతి ఏటవాలుగా వస్తే ఆగే తరంగదైర్ఘ్యం కొంత జరుగుతుంది. పూత గీసుకుపోతే రక్షణ పోతుంది.

కళ్లజోడు రంగును చూసి దాని శక్తిని అంచనా వేయరాదు. పచ్చని లేజర్‌ను ఆపే కళ్లజోడు సాధారణంగా నారింజ లేదా ఎరుపు రంగులో కనిపిస్తుంది. 1064 నానోమీటర్ల పరారుణాన్ని ఆపే కళ్లజోడు దాదాపు తెల్లగానో, లేత ఆకుపచ్చగానో ఉండవచ్చు. పైకి ‘పలుచగా’ కనిపించే ఆ జోడే కనిపించని కాంతిని లక్ష రెట్లు తగ్గిస్తూ ఉండవచ్చు. నల్లగా ఉన్న మరో జోడు దాన్ని నేరుగా లోపలికి వదలవచ్చు.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 1
సూచన: మీ జవాబును విడిగా రాసుకొని 7.12లో ఇచ్చిన జవాబుతో పోల్చుకోండి.
1. కనిపించే లేజర్ కంటే సమీప పరారుణ లేజర్ ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణమేమిటి?

7.6 దృక్ సాంద్రత - లెక్కించే పద్ధతి

కళ్లజోడు ఒక తరంగదైర్ఘ్యాన్ని ఎంతగా తగ్గిస్తుందో చెప్పే సంఖ్య దృక్ సాంద్రత. తయారీదారులు దీన్ని ఓ.డి. అని రాస్తారు. ఇది 10 ఆధారంగా గల లాగరిథమ్.

దృక్ సాంద్రత = లాగ్ (పడిన కాంతి ÷ లోపలికి వచ్చిన కాంతి)

దృక్ సాంద్రత 1 అయితే పదో వంతు, 2 అయితే నూరో వంతు, 3 అయితే వెయ్యో వంతు, 6 అయితే పది లక్షలో వంతు కాంతి లోపలికి వస్తుంది. సంఖ్య ఒకటి పెరిగితే రక్షణ పది రెట్లు పెరుగుతుందని గమనించండి.

ఉదాహరణ 1: 532 నానోమీటర్ల పచ్చని లేజర్ శక్తి 500 మిల్లీవాట్లు. పొరపాటున పుంజమంతా కంట్లో పడినా హాని జరగకూడదంటే దృక్ సాంద్రత ఎంత ఉండాలి?

సాధన: రెప్పపాటు కాలానికి అనుమతించదగిన శక్తి 1 మిల్లీవాట్.
నిష్పత్తి = 500 ÷ 1 = 500
దృక్ సాంద్రత = లాగ్ 500 = 2.7
కాబట్టి కనీసం 3 ఉన్న జోడును ఎంచుకోవాలి. అప్పుడు లోపలికి వచ్చేది 0.5 మిల్లీవాట్ మాత్రమే.

ఇక్కడే చలువ కళ్లజోడును పరీక్షిద్దాం. అది 16 శాతం కాంతిని రానిస్తుందనుకుంటే దాని దృక్ సాంద్రత సుమారు 0.8. ఈ లేజర్‌లో 80 మిల్లీవాట్లు కంట్లోకి వస్తాయి. పైగా నల్లద్దాల వెనుక కంటిపాప మరింత తెరుచుకుంటుంది. 3 మి.మీ. నుంచి 7 మి.మీ.కు తెరుచుకుంటే కాంతి ప్రవేశించే వైశాల్యం అయిదు రెట్లకు పైగా పెరుగుతుంది.

ఉదాహరణ 2: ఒక దూరమాపకం 1064 నానోమీటర్ల వద్ద 10 మిల్లీజౌళ్ల స్పందాన్ని సెకనులో వంద కోట్ల వంతుల లెక్కలో కొలిచేటంత స్వల్పకాలంలో వదులుతుంది. పుంజమంతా 7 మి.మీ. కంటిపాపలో పడిందనుకుందాం.

సాధన: కంటిపాప వైశాల్యం = 0.385 చ.సెం.మీ.
పడిన శక్తి = 10 ÷ 0.385 = చ.సెం.మీ.కు సుమారు 26 మిల్లీజౌళ్లు = 26,000 మైక్రోజౌళ్లు
ఒక్క స్పందానికి అనుమతి పరిమితి = చ.సెం.మీ.కు సుమారు 2 మైక్రోజౌళ్లు
నిష్పత్తి = 13,000; దృక్ సాంద్రత = లాగ్ 13,000 = 4.1
కాబట్టి 1064 నానోమీటర్ల వద్ద 5 ఉన్న జోడు అవసరం.

మొదటి ఉదాహరణలో కొన్న జోడు రెండో దానికి పనికిరాదు. 532 వద్ద 6 ఉన్నా, 1064 వద్ద దాని విలువ సున్నాకు దగ్గరగా ఉండవచ్చు.

ఈ హెచ్చరిక పుస్తకానికే పరిమితమైనది కాదు. చౌక రకం పచ్చ లేజర్లు చాలా వరకు లోపల 808 నానోమీటర్ల డయోడ్‌తో మొదలై, 1064గా మారి, చివరకు 532గా బయటికి వస్తాయి. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపడానికి ఒక వడపోత అద్దం ఉండాలి. 10 మిల్లీవాట్లని ముద్రించిన ఒక పచ్చ లేజర్ నుంచి సుమారు 20 మిల్లీవాట్ల పరారుణ కాంతి వెలువడుతున్నట్లు అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. శాస్త్రజ్ఞులు 2010లో చూపారు. పచ్చదనం తక్కువగా ఉంది కదా, శక్తి తక్కువ అనుకుంటే మోసపోతాం. 532ను మాత్రమే ఆపే జోడు ఇక్కడ సగం పనే చేస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 2
2. దృక్ సాంద్రత 4 గల జోడు ఎంత భాగం కాంతిని లోపలికి రానిస్తుంది?
3. 5 వాట్ల పచ్చ లేజర్‌కు ఉదాహరణ 1 పద్ధతిలో కావలసిన దృక్ సాంద్రతను లెక్కించండి.

7.7 దూరం, దుర్భిణి

లేజర్ పుంజం కూడా దూరం వెళ్లేకొద్దీ కొద్దిగా విచ్చుకుంటుంది. అపసరణ కోణం 1 మిల్లీరేడియన్ అయితే 1000 మీటర్ల వద్ద పుంజం వ్యాసం సుమారు 1 మీటరు. తాడేపల్లి వైపు సీతానగరం ఒడ్డు నుంచి విజయవాడ ఒడ్డు వరకు ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,220 మీటర్లు. ఉదాహరణ 1లోని లేజర్‌ను ఈ ఒడ్డున వెలిగిస్తే ఆ ఒడ్డున పుంజం దాదాపు 1.2 మీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. దాని తీవ్రత మామూలు కంటి పరిమితికి చాలా దిగువన ఉంటుంది. ఈ లేజర్ విషయంలో తీవ్రత పరిమితిలోకి వచ్చే దూరం సుమారు 160 మీటర్లు. దీన్ని నేత్ర ప్రమాద దూరం అంటారు.

అవతలి ఒడ్డున ఒకరు 50 మి.మీ. ముఖద్వారం గల దుర్భిణితో ఇటు చూస్తున్నారనుకోండి. దుర్భిణి 7 మి.మీ. కంటిపాప కంటే (50 ÷ 7)², అంటే 51 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేసి కంటికి అందిస్తుంది. అప్పుడు ప్రమాద దూరం 7 రెట్లు పెరిగి సుమారు 1,120 మీటర్లకు చేరుతుంది. అంటే దాదాపు బ్యారేజీ పొడవంత. ఫైరింగ్ రేంజిలో లక్ష్యాన్ని దుర్భిణితో, టెలిస్కోపుతో పరిశీలించేవారు ఎప్పుడూ ఉంటారు. కాల్చేవారి కంటే వారికే ప్రమాదం ఎక్కువ కావచ్చు. ప్రమాద పరిమితి లోపల ఉన్నా, రాత్రివేళ వాహనం నడిపేవారి కళ్లు ఆ వెలుగుకు బైర్లు కమ్మవచ్చు. రోడ్ల వైపు, విమానాల వైపు లేజర్‌ను ఎన్నడూ గురిపెట్టరాదు.

7.8 కళ్లజోడు ఎంపిక, వాడకం

పొడి మిరపకాయలు దులిపే చోట ఘాటు దుమ్ము పడకుండా పెట్టుకునే జోడు దుమ్మును ఆపుతుంది. వెల్డింగ్ జోడు వెల్డింగ్ వెలుగును తగ్గిస్తుంది. పాలీకార్బొనేట్ షూటింగ్ జోడు ఎగిరివచ్చే తూటా ముక్కల నుంచి కాపాడుతుంది. ఎయిర్ రైఫిల్ క్రీడాకారులు వాడే జోడు గురి స్పష్టంగా కనిపించడానికి ఉద్దేశించినది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన క్రీడ అది. ఒక్కొక్క జోడు ఒక్కొక్క ప్రమాదానికి, ఒక్కొక్క అవసరానికి తయారైంది. వీటిలో ఏదీ తనంతట తానుగా లేజర్ జోడు కాదు. అలాగే ప్రతి లేజర్ జోడూ తూటా ముక్క తాకిడిని తట్టుకోదు. తుపాకి, లేజర్ రెండూ ఉన్న చోట రెండు పరీక్షలూ నెగ్గిన జోడు కావాలి.

జోడు తీసుకునే ముందు ఈ క్రమంలో పరిశీలించండి.

1. లేజర్ మీద రాసిన తరంగదైర్ఘ్యం, వర్గం, శక్తి చదవండి. అవి రాసి లేని లేజర్‌ను వాడకండి.
2. జోడు మీద అదే తరంగదైర్ఘ్యం, దానికి తగిన దృక్ సాంద్రత ముద్రించి ఉన్నాయో లేదో చూడండి. ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 207 ప్రకారం ‘డి 1064 ఎల్‌బి5’ వంటి గుర్తు ఉంటుంది. ‘డి’ అంటే నిరంతర లేజర్, తరువాతిది తరంగదైర్ఘ్యం, చివరిది రక్షణ స్థాయి. స్పందాల లేజర్లకు వేరే అక్షరాలుంటాయి. జోడు కాంతిని తగ్గించడమే కాక, నేరుగా తగిలిన పుంజాన్ని కొద్ది సెకన్లపాటు తట్టుకోవాలని కూడా ఈ ప్రమాణం కోరుతుంది.
3. జోడులోంచి మామూలు వెలుగు ఎంత వస్తుందో చూడండి. చీకటిగా ఉంటే ఆయుధాన్ని, తోటివారిని సరిగా చూడలేం. ఒక ప్రమాదాన్ని తప్పించుకోబోయి మరొకటి తెచ్చుకుంటాం.
4. పక్కల నుంచి, పై నుంచి కాంతి దూరే సందులు లేవని చూసుకోండి.
5. గీతలు, పగుళ్లు, రంగు వెలిసిన మచ్చలు ఉంటే ఆ జోడును పక్కన పెట్టండి.

గురి సాధనలో ఒక చిక్కు ఉంది. ఎర్ర చుక్కను పూర్తిగా ఆపే జోడు పెట్టుకుంటే ఆ చుక్క లక్ష్యం మీద ఎక్కడ పడిందో కనిపించదు. ఇందుకు ఇ.ఎన్. 208 ప్రమాణం కింద సర్దుబాటు జోళ్లు ఉన్నాయి. ఇవి దృశ్య లేజర్‌ను పూర్తిగా ఆపకుండా వర్గం 2 స్థాయికి తగ్గిస్తాయి. చుక్క కనిపిస్తుంది, కన్ను దక్కుతుంది. అయితే వీటిని పెట్టుకొని పుంజంలోకి తదేకంగా చూడరాదు. కెమెరా ద్వారా తెర మీద చుక్కను చూడటం ఇంకా మంచి పద్ధతి.

చివరగా, కళ్లజోడు రక్షణలో ఆఖరి మెట్టు మాత్రమే. సాధ్యమైనంత తక్కువ శక్తి గల లేజర్‌ను వాడటం, పుంజాన్ని కంటి ఎత్తులో ఉంచకపోవడం, లక్ష్యం వెనుక గరుకైన అడ్డు పెట్టడం, మెరిసే ఇనుప పలకలు, అద్దాలు, చేతి గడియారాలు తొలగించడం - ఇవి దానికంటే ముందు మెట్లు. కంట్లో లేజర్ పడిందన్న అనుమానం వస్తే కన్ను నలపకండి, నొప్పి లేదని ఊరుకోకండి. లేజర్ వివరాలు రాసుకొని, రెటీనా వైద్యులున్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లండి.

7.9 సారాంశం

కన్ను లేజర్ కాంతిని లక్ష రెట్లకు పైగా కేంద్రీకరిస్తుంది కాబట్టి తక్కువ శక్తి కూడా రెటీనాను కాల్చగలదు. 400 - 1400 నానోమీటర్ల కాంతి రెటీనాను చేరుతుంది. అందులో 700 పైబడినది కనిపించదు కాబట్టి రెప్పపాటు కాపాడదు. రక్షణ కళ్లజోడు శోషణ ద్వారా గాని, పరావర్తనం ద్వారా గాని ఎంచుకున్న తరంగదైర్ఘ్యాన్ని మాత్రమే ఆపుతుంది. దాని సామర్థ్యాన్ని తెలిపేది దృక్ సాంద్రత. జోడును రంగును బట్టి, ధరను బట్టి కాక, లేజర్ తరంగదైర్ఘ్యాన్ని, శక్తిని బట్టి ఎంచుకోవాలి.

7.10 ముఖ్య పదాలు

దృక్ సాంద్రత: పడిన కాంతికి, లోపలికి వచ్చిన కాంతికి గల నిష్పత్తి యొక్క లాగరిథమ్.
అపసరణ కోణం: పుంజం దూరంతోపాటు విచ్చుకునే కోణం.
నేత్ర ప్రమాద దూరం: పుంజం తీవ్రత అనుమతి పరిమితిలోకి వచ్చే దూరం.
స్పందం: అతి స్వల్పకాలం వెలువడే కాంతి తునక.

7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లేజర్ కాంతి కంటికి హాని చేసే విధానాన్ని తరంగదైర్ఘ్యాల వారీగా వివరించండి.
2. లేజర్ రక్షణ కళ్లజోడు పనిచేసే విధానాన్ని వివరించి, ఎంపికలో పాటించవలసిన నియమాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చలువ కళ్లజోడు లేజర్ నుంచి ఎందుకు కాపాడలేదు?
2. దుర్భిణి వాడకం ప్రమాద దూరాన్ని ఎలా పెంచుతుంది?
3. సర్దుబాటు జోళ్ల అవసరం ఏమిటి?

7.12 ‘మీ అవగాహనను పరీక్షించుకోండి’ - జవాబులు

1. సమీప పరారుణ కాంతి రెటీనాను చేరుతుంది కాని కనిపించదు. అందువల్ల రెప్ప వాలదు. కాంతి పడుతున్న సంగతి కూడా తెలియదు.
2. పదివేలో వంతు.
3. 5000 ÷ 1 = 5000; లాగ్ 5000 = 3.7. కాబట్టి 532 నానోమీటర్ల వద్ద కనీసం 4 కావాలి. ఇది వర్గం 4 లేజర్ కాబట్టి, పుంజాన్ని జోడు కరగకుండా తట్టుకోగలదో లేదో కూడా చూడాలి.